ఆటలు రాసిన పుస్తకం

జనగామ,
12 ఫిబ్రవరి 1950

చిరంజీవి సాంసన్‌కు కమలాదేవి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. గూడూరు దగ్గరి క్యాంపులో నీకు బడిపంతులు ఉద్యోగం దొరికిందని చదివి సంతోషించబోతుండగా రెండవ పుట వచ్చింది, ఉన్న సంతోషం పోయింది. "ఈ తండాల పిల్లలు పుట్టుకతోనే కొట్లాటగాళ్ళు, బెత్తం లేనిదే మాట వినరు" అని మీ క్యాంపు అధికారి శ్రీపాల్ గారు అన్నారట, నీవు తల ఊపావట. స్టేషను వెనుక నా రెండు గదుల ఇంట్లో నాలుగేళ్ళు పని నేర్చుకున్న తల ఆ విధంగా ఊగకూడదు.

అడవిలోని దళాలకు అన్నం అందకూడదని తండాలను ఖాళీ చేయించారు. గుడిసెలు తగలబెట్టారు. ముసలివాళ్ళను, బాలింతలను, పసివాళ్ళను ముళ్ళకంచె నడుమకు తోలి, తలకు ఇంత అని గింజలు కొలిచి పోస్తున్నారు. ఇన్ని పనులూ చేసిన పెద్దల చేతులకు ఏ బెత్తమూ అవసరం లేదు గాని, నీళ్ళ డ్రమ్ము దగ్గర ఒకరినొకరు తోసుకున్న పిల్లల చేతులకు అవసరమా?

ఇరవై మూడేళ్ళుగా నేను చేస్తున్న పని ఒక్కటే. పిల్లలు ఆడుకునే చోట ఒక మూల కూర్చుని, గడియారం ముందు పెట్టుకుని, ఎవరి చేయి ఎవరి మీద లేచిందో, లేవడానికి ముందు ఏ మాట వచ్చిందో, లేచినది ఎలా దిగిందో రాయడం. వకీళ్ళ పిల్లలను చూశాను, రైల్వే కూలీల పిల్లలను చూశాను, మాదిగవాడ పిల్లలను చూశాను. రెండేళ్ళ వయసులో అందరి చేతులూ ఒకే విధంగా లేస్తాయి. అప్పటికి పిడికిలిలో బలం ఉండదు గనుక మనం ముచ్చటపడి నవ్వుతాము. కొట్టడం ఏ బిడ్డకూ నేర్పనక్కరలేదు. లేచిన చేతిని దించుకోవడం నేర్పాలి. మద్రాసులో పట్టా పుచ్చుకుని, కలకత్తాలో మనస్తత్వశాస్త్రం చదివి, నేను తెలుసుకున్నది ఇంతే. ఈ ఇంతకే ఊరు నన్ను పిచ్చిదాన్ని చేసింది. మొన్న వకీలు గారి తల్లి గడపలో నిలబడి, "ముసల్దానివి, కృష్ణా రామా అనుకోరాదు? పోరగాండ్ల కొట్లాటలు రాసుడేంది?" అన్నది. "ఆ కొట్లాటలలో మీ మనుమడివే ముప్పై ఆరున్నాయి, చదివి వినిపించమంటారా?" అన్నాను. మళ్ళీ రాలేదు.

ఒక నోటుపుస్తకం పెట్టు. పిల్లలు అన్న మాట అన్నట్టే రాయి. నీ అభిప్రాయం ఒక్కటి కూడా రాయకు. నెలనెలా ఒక నకలు నాకు పంపు, ఒకటి శ్రీపాల్ గారి కచేరీలో ఇవ్వు. ఆయనకు నేనే విడిగా ఉత్తరం రాశాను. బెత్తంతో కానిది శాస్త్రంతో అవుతుందని, పుస్తకాలు చదివితే ఆయనకే తెలుస్తుందని. ప్రభుత్వం నా పనిని గుర్తించే రోజు రావాలని కోరుకుంటున్నాను. అరవై ఒక్క ఏళ్ళ వయసులో అలా కోరుకోవడానికి నేను సిగ్గుపడను.

ఇట్లు,
కమలాదేవి


క్యాంపు బడి, గూడూరు దగ్గర,
మహబూబాబాదు తాలూకా,
20 మార్చి 1950

పూజ్యులైన అమ్మగారికి సాంసన్ నమస్కారాలు.

తల ఊపినందుకు క్షమించండి. బెత్తం ఇంటి కప్పులో దోపేశాను.

మీరు చెప్పినట్టే రాస్తున్నాను. నెల రోజులు రాసిన తరువాత ఒక సంగతి కనబడింది. రోజుకు ముప్పై ఒక్క దెబ్బలు పడితే, అందులో ఇరవై అంబలి పోసే ముందు పది నిమిషాలలోనే పడుతున్నాయి. ఆ పది నిమిషాలకు కథ పెట్టాను. కథ సగంలో ఉండగా ఎవరూ వరుస వదలడం లేదు. ఇప్పుడు రోజుకు పన్నెండు. శ్రీపాల్ గారు కూడా ఆశ్చర్యపోయారు.

ఇక్కడ లంబాడి పిల్లలూ కోయ పిల్లలూ కలిసి ఆడతారు. ఒకరి ఇంటి భాష ఒకరికి రాదు గనుక ఆటలన్నీ తెలుగులోనే. ఆటలకు పెద్ద చంద్రి అనే తొమ్మిదేళ్ళ పిల్ల. తల్లి తుల్సీబాయి. తండ్రి భోజ్యా క్యాంపులో లేడు. ఎక్కడని అడిగితే "బొంబాయి పోయిండు" అని తండా అంతా ఒకే మాట చెబుతారు. చంద్రి చిన్నాయన మంగీలాల్, అతని భార్య రామి, కొడుకు సోమ్లా పక్క గుడిసెలోనే ఉంటారు. పుస్తకంలో నుంచి ఒక భాగం కింద రాస్తున్నాను.

"మార్చి 14, పొద్దున తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఆట పేరు 'నాయినకు గట్క'. చంద్రి నెత్తిన తట్ట. తట్టలో మట్టి, మట్టి మీద ఆకులు.
సోమ్లా (పోలీసు): ఏయ్, ఆగు! తట్టల ఏమున్నది?
చంద్రి: ఇప్పపూలు. గుడ్డోనివా, కనబడ్తలేదా?
సోమ్లా: పూల కింద?
చంద్రి: పూల కింద నీ తాత!
అందరూ నవ్వారు. సోమ్లా తట్ట పట్టి లాగాడు. చంద్రి అతని మోచేతి మీద ఒక్క దెబ్బ కొట్టింది. సోమ్లా వదిలేశాడు. చంద్రి చేయి దించింది. తట్టతో నడిచి, రాళ్ళ కుప్ప వెనుక కూర్చుని, 'నాయినా, గట్క తెచ్చిన. జల్ది తిను. మిల్ట్రీ వస్తది' అన్నది గట్టిగా."

నకలు కచేరీలో ఇచ్చాను. మా అమ్మ కట్టమ్మ మానుకోటలో బాగానే ఉంది. మీకు దండాలు చెప్పమన్నది.

మీ శిష్యుడు,
సాంసన్


జనగామ,
2 ఏప్రిల్ 1950

చిరంజీవి సాంసన్‌కు ఆశీస్సులు.

ముప్పై ఒకటి పన్నెండైనది. ఆ వాక్యం దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. దుమ్ము పడి ఉంటుంది.

ఇక తప్పులు. "గట్టిగా అన్నది" అని రాశావు. గట్టిగా అన్నది నీ చెవి అభిప్రాయం. కొట్టివేయి. రెండవది ఇంకా పెద్ద తప్పు. 'నాయినకు గట్క' ఆటలో దెబ్బ రాశావు, దిగిన చేయి రాశావు, అంతవరకు బాగుంది. ఒక్క దెబ్బతో ఆపుకున్న పిల్ల! అటువంటి బిడ్డలను జనగామలో పదిమందిని కూడా చూడలేదు. కాని ఆమె నడిచిన దారి ఏది? పోలీసు దగ్గర నుంచి రాళ్ళ కుప్ప దాకా ఏమేమి ఉన్నట్టు ఊహించుకున్నది? వాగా, గుట్టా, చెట్లా? పిల్లలు ఏ దారిలో భయపడతారో, ఎక్కడ ఆ భయం తీరుతుందో ఆ దారి చెబుతుంది. ఇంకొకసారి ఆ ఆట ఆడినప్పుడు దారి అంతా రాయి. తెలియకపోతే అడిగి రాయి.

నీకొక వార్త. శ్రీపాల్ గారు నాకు ఉత్తరం రాశారు. "తమరి పద్ధతి ప్రకారం రాసిన పుస్తకాలు మాకు చాలా ఉపయోగకరంగా ఉన్నవి" అన్నారు. ఇరవై మూడేళ్ళలో ఒక సర్కారు అధికారి నా పనిని ఉపయోగకరమనడం ఇదే మొదటిసారి. ఇదే మాట కోసం పూర్వం హైదరాబాదులో ఒక పెద్ద ఉద్యోగి గది బయట మూడు రోజులు కూర్చున్నాను. నాలుగవ రోజున ఆయన, "అమ్మా, పిల్లల్ని కననివాళ్ళకు పిల్లల సంగతి ఎందుకు?" అన్నాడు. ఆ మనిషి బతికి ఉంటే శ్రీపాల్ గారి ఉత్తరాన్ని అతని మొఖం ముందు పెట్టి చదివేదాన్ని.

ఇట్లు,
కమలాదేవి


భూపాలపల్లి క్యాంపు,
11 మే 1950

పూజ్యులైన అమ్మగారికి సాంసన్ నమస్కారాలు.

ఆలస్యానికి క్షమించండి. క్యాంపును గూడూరు దగ్గర నుంచి ఎత్తి భూపాలపల్లి పక్కకు మార్చారు. మీరు అడిగిన దారి ఏప్రిల్ నకలులో రాసే పంపాను, అంది ఉంటుంది.

చంద్రి తండ్రి భోజ్యా కాల్పులలో చనిపోయాడు. ఆ తరువాత చంద్రి మారిపోయింది. మే 4న తన చిన్నాయన కొడుకు సోమ్లా తల పగలగొట్టింది. దవాఖానలో ఐదు కుట్లు పడ్డాయి. పిల్లను హైదరాబాదులోని బాలనేరస్తుల బడికి పంపాలని శ్రీపాల్ గారు నిర్ణయించారు. మంగీలాల్ ఫిర్యాదు ఇచ్చాడు. మానసిక నిపుణుల సంతకం కూడా కావాలట. కాగితం దీనితో పెట్టాను. దయచేసి సంతకం చేసి వెంటనే పంపండి.

సాంసన్


జనగామ,
16 మే 1950

సాంసన్‌కు,

నీ ఉత్తరం పన్నెండు వాక్యాలు. వాటిని పదిసార్లు చదివాను.

గోలీ పోయిందని ఇద్దరు పోట్లాడుకుంటే పుట నిండా రాసినవాడివి, ఒక మనిషి చావును ఒక్క వాక్యంలో ముగించావు. ఏ రోజున చనిపోయాడు? ఎక్కడ? అక్కడున్నాడని ఎవరు చెప్పారు? చంద్రి ఎన్ని దెబ్బలు కొట్టింది? కొట్టే ముందు ఏమన్నది? క్యాంపులో నలభై మంది పిల్లలుండగా, తనతో ప్రతిరోజూ ఆడే సోమ్లానే ఎందుకు కొట్టింది? ఇవి రాయడం నేను నీకు నేర్పిన మొదటి పాఠం. రాయలేదంటే మరిచిపోయావని నేను అనుకోను. దాచావు.

నీవు పంపిన కాగితంలో ఏమున్నదో చదివావా? "ఈ బాలిక స్వభావతః హింసాప్రవృత్తి గలదని ధ్రువీకరించడమైనది." స్వభావతః! ఆ మాట తప్పని చెప్పడానికే నా జీవితం ఖర్చు చేశాను. ఒక్క దెబ్బతో చేయి దించుకున్న పిల్ల అని మార్చిలో నీ చేతితోనే రాశావు. ఆ చేతితోనే ఈ కాగితం మడిచి కవరులో పెట్టావు.

సంతకం చేయలేదు. చేయను. కాగితాన్ని నా బల్ల మీద పెట్టుకున్నాను, చూసినప్పుడల్లా కోపం రావడానికి.

అన్నీ రాయి. వెంటనే.

కమలాదేవి


భూపాలపల్లి క్యాంపు,
25 మే 1950

అమ్మగారికి,

రాస్తున్నాను. మీకు కావలసినట్టే, అభిప్రాయం లేకుండా.

ఏప్రిల్ 6న చంద్రిని ఆట దారి అడిగాను. చెప్పింది. "తుమ్మలవాగు దాటాలె. రెండు తాటిచెట్ల నడుమకెల్లి పోవాలె. బోడగుట్ట ఎనుక బండ చీలి ఉంటది, అండ్ల మా నాయిన ఉంటడు" అన్నది. రాసుకున్నాను. ఏప్రిల్ 10న నకలు కచేరీలో ఇచ్చాను. ఏప్రిల్ 13న మిలిటరీ బోడగుట్ట చుట్టూ మోహరించింది. భోజ్యా, ఇంకొకతను, ఇద్దరూ చీలిన బండలోనే చనిపోయారు. మరునాడు శ్రీపాల్ గారు నన్ను పిలిచి చేయి కలిపి, "మీ టీచరమ్మ స్కీము భలే పనిచేస్తోందండీ" అన్నారు. ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. దేవుని సాక్షిగా చెబుతున్నాను, ఆటే అనుకున్నాను.

భోజ్యా జాడ చెప్పింది మంగీలాల్ అని తండా అనుకుంటున్నది. ఆ వారంలోనే అతను కచేరీకి రెండుసార్లు పోయాడు, కొడుకు జ్వరానికి మందు కోసం. ఎవరూ నమ్మలేదు. అతని ఇంటికి నిప్పు, నీళ్ళు బంద్ చేశారు. డ్రమ్ము దగ్గరికి రామిని రానివ్వడం లేదు. ఆమె వాగు దాకా పోయి తెచ్చుకుంటున్నది.

మే 4న చంద్రి సోమ్లాను ఏడుసార్లు కొట్టింది. రాయితో. కొట్టే ముందు, "మీ నాయిన మా నాయిన్ని అమ్ముకున్నడు" అన్నది. చేయి దించలేదు. నేనూ ఇంకొకరూ కలిసి పట్టి లాగాము. తల పగిలిన కొడుకును ఎత్తుకుని పోయి మంగీలాల్ ఫిర్యాదు ఇచ్చాడు.

ఇప్పుడు నా మాట వినండి. సంతకం చేస్తే ఆ పిల్ల హైదరాబాదు పోతుంది. కడుపు నిండా తింటుంది, నాలుగు అక్షరాలు నేర్చుకుంటుంది. నిజం చెబితే ఏమవుతుంది? తండ్రి జాడ తన నోటి నుంచే పోయిందని ఆ పిల్లకు తెలుస్తుంది. తొమ్మిదేళ్ళ పిల్ల అమ్మగారూ. అది మోయగలదా? మీరు చదివిన శాస్త్రంలో దానికేమన్నా మందున్నదా?

నాకు భయం లేదని అనను. తండావాళ్ళు నన్ను వదలరు. దళం అసలే వదలదు. నాకు ఏమన్నా అయితే మా అమ్మకు ఇంకెవరూ లేరు.

మీరు నన్ను దాచావు అన్నారు. దాచాను. రాయమన్నదెవరు? నకలు కచేరీలో ఇవ్వమన్నదెవరు? దారి అడిగి రాయమన్నదెవరు? మీ మూడు ఉత్తరాలూ నా పెట్టెలో ఉన్నాయి. కావాలంటే పంపుతాను, తప్పులు దిద్దుకోండి.

సాంసన్


జనగామ,
31 మే 1950

సాంసన్,

ఉత్తరాలు పంపనక్కరలేదు. నేను రాసినవి నాకు కంఠతా వచ్చు.

రాయమన్నది నేను. ఇవ్వమన్నది నేను. అడగమన్నది నేను. వీటిలో ఒక్కదానినీ నీ మీదికి తోయను. అడవిలో తలదాచుకున్న తండ్రికి బిడ్డలు అన్నం మోసే కాలంలో, 'నాయినకు గట్క' అనే ఆటలో నేను దెబ్బలనే చూశాను. చేతులను చూడడం అంత బాగా నేర్చుకున్నాను, ఆ చేతులు మోస్తున్నదేమిటో చూడలేదు. వీధిలో గాజులమ్మే ఆడదానికి తట్టే సంగతి రెండు విశ్వవిద్యాలయాలు చదివిన నాకు తట్టలేదు. శ్రీపాల్ "ఉపయోగకరం" అన్నప్పుడు దేనికని అడగలేదు. ఆ ఉత్తరాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. ఈ ఉదయం పొయ్యిలో వేశాను. తేలికగా కాలింది, మంచి కాగితం.

నీ మీద నా కోపం తగ్గిందనుకోకు. దానికి ఇప్పుడు తోడు దొరికింది, అంతే. నీ తప్పు రాయడం కాదు. నీకు ఏప్రిల్ 14న తెలిసింది. మే 4 దాకా ఇరవై రోజులు మంగీలాల్ పొయ్యి ఆరిపోయి ఉండగా చూస్తూ కూర్చున్నావు. ఆ ఇరవై రోజులూ చంద్రికి తండా అంతా కలిసి ఒక అబద్ధం తినిపించింది. ఆ అబద్ధమే ఏడు దెబ్బలైంది. మార్చిలో ఒక్కటి కొట్టి ఆగిన చేయి మేలో ఎందుకు ఆగలేదో ఇంకా నీకు అర్థం కాలేదా? ఆ బిడ్డ స్వభావంలో ఏమీ లేదు. సంతకం చేసి ఆమెను పంపేస్తే ఆ అబద్ధం కూడా హైదరాబాదు పోయి పెద్దదవుతుంది. ఇక్కడ సోమ్లా తలలో కుట్ల కింద ఇంకొకటి పెరుగుతుంది.

పిల్లల కొట్లాటను ఆపడం నా వృత్తి. దీనికి ఆటలు, కథలు, పాటలు పనికిరావు. మంగీలాల్ చెప్పలేదని తండా అందరి ముందూ చెప్పాలి. నేనే వచ్చి చెబుతాను.

చంద్రి నోటి మాట సంగతి అడిగావు. నా శాస్త్రంలో దానికి మందు లేదు. దారిలో ఆలోచిస్తాను.

జూన్ 10న బయలుదేరి, వరంగల్లు దాకా రైలులో, పరకాల దాకా బస్సులో వస్తాను. అక్కడికి ఒక ఎడ్లబండి పంపు. నా పక్కన నిలబడమని నిన్ను అడగడం లేదు. బండి పంపు, చాలు.

కమలాదేవి


భూపాలపల్లి క్యాంపు,
7 జూన్ 1950

అమ్మగారికి,

బండి మాట్లాడాను. బండివాడి పేరు యాకయ్య, పరకాల బస్టాండు దగ్గర ఉంటాడు.

నేను సెలవు పెట్టి మానుకోట పోతున్నాను, అమ్మ దగ్గరికి. మీరు ఏమన్నా అనండి. నాకు ధైర్యం లేదు.

సాంసన్


భూపాలపల్లి,
14 జూన్ 1950

సాంసన్‌కు,

నీ బండివాడు మంచివాడు. దారి పొడుగునా, "ఏడికి అవ్వా, గీ వయసుల? కొడుకు కాడికా, బిడ్డ కాడికా?" అని అడిగాడు. "తప్పు ఒప్పుకోవడానికి" అన్నాను. "గంత దూరం పోవాల్నా? ఈడ్నే ఒప్పుకో, నేను ఇంట" అన్నాడు. ఎన్నో రోజుల తరువాత నవ్వాను. అక్కడికి నా నవ్వు అయిపోయింది.

ముందు శ్రీపాల్‌ను చూశాను. నన్ను చూసి కుర్చీలో నుంచి లేచాడు.

"రండమ్మా, రండి! ఒక్క సంతకం కోసం ఇంత దూరం వచ్చారా? మీ స్కీము ఇంకో పది క్యాంపుల్లో పెడదామనుకుంటున్నామండీ. మీరే హెడ్డుగా ఉండాలి."

పది క్యాంపులు, సాంసన్. ఇరవై మూడేళ్ళు నేను అడిగినది అదే. సంతకం లేని కాగితం అతని బల్ల మీద పెట్టాను.

"సంతకం చేయలేదేంటండీ?"

"స్వభావతః అన్న మాట మీ కచేరీకి రాస్తే సంతకం చేస్తాను. తొమ్మిదేళ్ళ పిల్లకు చేయను" అన్నాను.

"ఆవేశపడకండమ్మా, మీ పెద్దరికానికి బాగుండదు. మంగీలాల్ ఫిర్యాదు ఉంది. మీ సంతకం లేకపోయినా ఇంకొకరు చేస్తారు" అన్నాడు. అతడు చెప్పినది నిజం కావచ్చు. అందువల్ల అక్కడ ఆగలేదు.

మరునాడు ఉదయం నీ బడి ముందర తండా నాయక్ అందరినీ కూర్చోబెట్టాడు. మంగీలాల్, రామి, సోమ్లా దూరంగా, కంచె దగ్గర నిలబడ్డారు. చంద్రి తల్లి ఒడికి ఆనుకుని కూర్చున్నది. నేను అనుకున్నదాని కంటే చిన్న పిల్ల. పళ్ళు రెండు ఇంకా పూర్తిగా రాలేదు.

చెప్పాను. "భోజ్యా జాడ చెప్పినది మంగీలాల్ కాదు. ఒక కాగితం చెప్పింది. ఆ కాగితం రాసినది మీ బడిపంతులు సాంసన్. రాయించినదీ, కచేరీలో ఇప్పించినదీ నేను." నాయక్ దానిని వారి ఇంటి భాషలో చెప్పాడు.

నాయక్ నా వైపు తిరిగి, "సారు అడవిలకు ఎన్నడు పోలే. చీలిన బండ సంగతి సారుకు ఎట్ల తెలిసె?" అని అడిగాడు.

నేను భయపడుతూ వచ్చిన ప్రశ్న అదే. చంద్రి తల ఎత్తి నన్ను చూసింది. ఆ పిల్ల ముఖంలో ఏదో వెతుక్కోవడం మొదలైంది. నీవు దారి అడిగిన రోజు ఆమెకు ఇంకా గుర్తు రాలేదు. ఇంకొక్క నిమిషం ఆలోచించనిస్తే వస్తుంది.

"తుల్సీబాయి ఇప్పపూల తట్టతో పోతుంటే సాంసన్ చూశాడు. దూరం నుంచి వెంట నడిచి, ఎక్కడికి పోయిందో చూసి రాశాడు" అన్నాను.

చూడనిది చూశాడని నేను పలకడం అదే మొదలు. ఆ మాట ఎవరి మీద పడుతుందో తెలిసే అన్నాను. తుల్సీబాయి నన్ను చూసింది. తరువాత ఒడిలోని కూతురి తలను చూసింది. నాయక్, "అవునా?" అని అడిగాడు.

"అవు" అన్నది. "నేనే పోయిన. ఎనుకకు సూసుకోలే. తప్పు నాది."

చంద్రి ముఖంలోని వెతుకులాట ఆగిపోయింది. లేచి వచ్చి నన్ను పిడికిళ్ళతో కొట్టడం మొదలుపెట్టింది. ఎవరో లాగబోతే వద్దన్నాను. ఎన్ని దెబ్బలో లెక్కపెట్టలేదు. చేయి దానంతట అదే దిగింది.

అందరూ ఏడ్చి కౌగిలించుకున్నారని అనుకోకు. మంగీలాల్ కంచె దగ్గర నుంచే, "ఎనిమిది వారాలు నా పోరడు నీళ్ళ కోసం ఏడ్చిండు. ఒక్కడు, ఒక్కడు అడుగలే నన్ను. ఇయ్యాల కాగితం అంటున్రు" అని అరిచాడు. నాయక్ తలపాగా తీసి నేల మీద పెట్టాడు. మంగీలాల్ దానిని ఎత్తి ఇవ్వలేదు. కాని నేరుగా కచేరీకి పోయి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. "పిల్లగాండ్లు కొట్లాడుకున్నరు. వాళ్ళూ వాళ్ళూ అన్నదమ్ముల బిడ్డలు. మీకెందుకు?" అన్నాడట. ఫిర్యాదు లేక, నా సంతకం లేక, శ్రీపాల్ కాగితాన్ని పక్కన పెట్టాడు. చంద్రి ఎక్కడికీ పోవడం లేదు.

తుల్సీబాయి తన పొయ్యిలోని నిప్పును చిప్పలో పెట్టుకుని రామి గుడిసెకు పోయింది. రామి బయటికి రాలేదు. లోపల నుంచి, "ఆడ పెట్టిపో" అన్నది. అంతే. కాని ఆ పూట ఆ గుడిసె మీద పొగ లేచింది, చూశాను.

నేను బయలుదేరుతుండగా తుల్సీబాయి వచ్చి, నా చేతి సంచి పట్టుకుని ఆపింది.

"సారు ఆదివారం ఆదివారం మానుకోట పోతడు, తల్లి కాడికి, చర్చికి. నేను గుట్టకు పోయింది ఆదివారాలే. సారు నన్ను ఎట్ల సూస్తడు?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. దూరంగా నీళ్ళ డ్రమ్ము మీద వాలి ఆడుకుంటున్న చంద్రిని చూసి, "నాకు ఎరుకైంది. గిది గిట్లనే ఉండనీ. నా మీదనే ఉండనీ" అన్నది. నా దగ్గరున్న రెండు నకళ్ళూ ఆమెకిచ్చాను. కట్టెల కింద పెట్టి కాల్చింది. నీ దగ్గరున్న మార్చి, ఏప్రిల్ పుటలు ఈ ఉత్తరం చదవగానే కాల్చు. కచేరీలోని నకలు నా చేతికి రాదు. అది అక్కడ ఉన్నన్ని రోజులూ నాకు నిద్ర ఉండదు, ఉండకూడదు కూడా. ఎవరు ఎప్పుడు అడిగినా, నీవు చనిపోయేటప్పుడు అడిగినా, నీవు ఒక ఆదివారం మానుకోట పోకుండా ఆగిపోయి తుల్సీబాయి వెంట నడిచావు. తెలిసిందా? నీకు ఇన్నేళ్ళు జరిగింది జరిగినట్టు రాయమని నేర్పినదానిని నేనే. ఇది మాత్రం నేను చెప్పినట్టు చెప్పు.

నిన్ను ఏం చేస్తారోనని దాక్కున్నావు కదా. నాయక్‌ను అడిగాను. "పోయినోడు పోయిండు. సారును సంపితే భోజ్యా లేస్తడా? దళపోళ్ళకు నేను చెప్త" అన్నాడు. నీ కంటే, నా కంటే అతనికి చేయి దించుకోవడం బాగా తెలుసు.

నేను ఇక్కడే ఉండి నీ బడి నడుపుతానని తుల్సీబాయితో అన్నాను. ఆమె నా సంచి వదిలి, "నువ్వు మళ్ళ నాకు నీ మొఖం సూపియ్యకు" అన్నది. కేక వేయలేదు. నీళ్ళు అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. అందుచేత రేపు వెళ్ళిపోతున్నాను. కోపంతోనే వెళ్తున్నాను, సాంసన్. శ్రీపాల్ మీద, నీ మీద, అన్నిటికంటే ఎక్కువ నా మీద.

నీ సంగతి కూడా అడిగాను. నీ మొఖం చూడగలదా అని. చంద్రి వైపు చూసి అన్నది.

"పోరగాండ్లకు సదువు కావాలె. రమ్మను. రాసుడు బంద్ జేసి, సదువు చెప్పుమను."

సోమవారం బడి గంట కొట్టే వేళకు అక్కడ ఉండు.

కమలాదేవి